బోటాక్స్ తర్వాత కనురెప్ప వాలిపోయింది: తగ్గేదాకా ఆగాలా, వెంటనే సరిచేయించుకోవాలా?

కూకట్‌పల్లి పిల్ల:
వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. ఫొటోల్లో కనుబొమల మధ్య గీతలు బాగా కనపడుతున్నాయని ఒక క్లినిక్‌లో బోటాక్స్ వేయించుకున్నాను. మొదట్లో ఏమీ లేదు. వారం తిరిగేసరికి ఎడమ కనురెప్ప కిందికి జారింది. పొద్దున కాస్త నయం, సాయంత్రానికి సగం కన్ను మూసుకున్నట్టే ఉంటోంది. ఫోన్ చేస్తే "మామూలే మేడమ్, దానంతటదే తగ్గుతుంది" అన్నారు. గట్టిగా అడిగితే "రండి, రెండోవైపు కూడా కొంచెం వేసి సమానం చేస్తాం" అన్నారు. మా ఆయన ఇక ఎవరి చేతా సూది వేయించుకోవద్దంటున్నారు. మా పిన్ని కూతురేమో వేరే చోటికి వెళ్లి కరిగించే ఇంజెక్షన్ వేయించుకోమంటోంది. ఇది పడ్డవాళ్లు ఎవరైనా చెప్పండి. ఇంకో సంగతి, బిల్లు మీద 50 యూనిట్లు అని ఉంది. కనుబొమల మధ్యకి 20 చాలని నెట్‌లో చదివాను. రెండింతల పైనే వేసేశారా అని ఒకటే టెన్షన్.

డాలస్ వదిన:
ఆగమన్న మాట నమ్మకు చెల్లెమ్మా. కళ్ల కింద గుంటలు పూడ్చడానికని నాకు ఫిల్లర్ వేశారు. వేసిన చోట కమిలినట్టు నీలం చార, పొద్దున లేవగానే కళ్ల కింద సంచులు. వేసినామె ఎప్పుడడిగినా ఒకటే పాట: సర్దుకుంటుంది, మెల్లగా మసాజ్ చేసుకోండి, కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది. ఏడాది దాటినా పోలేదు. చివరికి వేరేచోట హైలురోనిడేజ్ అనే కరిగించే ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రోజుల్లో చార మాయమైంది. ఆగమనడం క్లినిక్‌కి పైసా ఖర్చులేని వైద్యం. నువ్వు ఆగేకొద్దీ నీ కోపం చల్లారుతుంది, వాళ్లకి కావలసింది అదే.

గట్టిమాట:
దేవుడిచ్చిన మొహానికి విషం ఎక్కించుకోవడం ఎందుకు, ఇప్పుడు ఏడవడం ఎందుకు? మా అమ్మకి ఎనభై దాటాయి. గీతలున్నాయి, నవ్వూ ఉంది.

మణికొండ మేనత్త:
గట్టిమాట గారూ, ఆ పిల్ల అడిగింది వేయించుకోవాలా వద్దా అని కాదు. మీరు జుట్టుకి రంగేసుకోరా? తిట్టేవాళ్లుంటారనే చాలామంది ఇలాంటివి ఇంట్లో దాచిపెడతారు, డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా పోతారు. దయచేసి అసలు విషయం మాట్లాడదాం.

కళ్ళజోడు:
నేను కళ్ల డాక్టర్‌ని. డాలస్ వదినగారి కోపంలో న్యాయముంది. కానీ ఆవిడది ఫిల్లర్, ఈ అమ్మాయిది బోటాక్స్. రెండూ సూదితో మొహానికి వేసేవే కాబట్టి జనం ఒకే గాటన కట్టేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఎక్కువగా వాడే ఫిల్లర్ హైలురోనిక్ యాసిడ్ జెల్. హైలురోనిడేజ్ ఆ జెల్‌ని ముక్కలు చేసే ఎంజైమ్. బోటాక్స్ జెల్ కాదు, కరిగించడానికి అక్కడేమీ ఉండదు. అది నరం కొసలోకి చేరి స్నాప్-25 అనే ప్రొటీన్‌ని తెంచుతుంది. దాంతో కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి రాదు. ఆ పని జరిగిపోయాక విరుగుడు లేదు, నరం తనంతట తాను కోలుకోవాలి. కాబట్టి మీ పిన్ని కూతురు చెప్పిన ఇంజెక్షన్ వృథా, పైగా ఎలర్జీ ముప్పు.

ఊరట కలిగించే మాట ఏమిటంటే, గీతల మీద మందు మూడు నాలుగు నెలలు పనిచేసినా, రెప్పను ఎత్తే కండరం దాకా పాకేది కొద్దిగానే. అందుకే ఎక్కువమందికి కొన్ని వారాల్లోనే రెప్ప లేస్తుంది. ఇది మాకు కొత్త కాదు. బోటాక్స్ అసలు కంటి వైద్యంలోంచే వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కళ్ల డాక్టర్ మెల్లకన్ను కోసం దీన్ని తయారుచేస్తే, 1989లో అమెరికాలో మెల్లకన్నుకి, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి అనుమతి వచ్చింది. కనుబొమల మధ్య గీతలకి వచ్చింది 2002లో. మెల్లకన్నుకి వేసినప్పుడు రెప్ప వాలడం మేం మొదటినుంచీ చూస్తున్నదే.

ముందు అద్దంలో ఒకటి చూసుకో అమ్మా. వాలింది రెప్పా, కనుబొమా? కనుబొమ దిగి దాని బరువుకి చర్మం కంటి మీద మడతపడితే ఒక కథ. కనుబొమ తన చోట ఉండి రెప్ప అంచు నల్లగుడ్డు మీదికి వస్తే ఇంకో కథ. రెండోదైతే చుక్కల మందులున్నాయి.

ఫార్మా పిల్లోడు:
యూనిట్ల సంగతి నేను చెప్తాను. 50 అనగానే భయపడకండి అక్కా. ఏ బ్రాండో అడిగారా? కనుబొమల మధ్యకి లేబుల్ మీదున్న మోతాదు బోటాక్స్‌కి 20 యూనిట్లు, డిస్‌పోర్ట్‌కి 50. ఎవరి యూనిట్ వాళ్లదే, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చకూడదు. మన దగ్గర అన్నిటినీ బోటాక్స్ అనే పిలుస్తారు, అందుకే ఈ తికమక. సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబర్ అడగండి. నకిలీ సరుకు భయం కూడా ఉత్తిది కాదు, 2024లో అమెరికాలో నకిలీ బోటాక్స్ వల్ల కొందరు ఆసుపత్రి పాలైతే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది.

కూకట్‌పల్లి పిల్ల:
ఇప్పుడే మెసేజ్ పెట్టి అడిగాను. డిస్‌పోర్టేనట. స్టిక్కర్ ఫొటో పంపారు. అమ్మయ్య, ఆ భయం తీరింది. అద్దంలో చూస్తే కనుబొమలు రెండూ సమానంగానే ఉన్నాయి, వాలింది రెప్పే. మరి మోతాదు సరిగ్గానే ఉంటే ఇలా ఎందుకైంది డాక్టర్‌గారూ?

కళ్ళజోడు:
మోతాదు ఒక్కటే కాదమ్మా. కనుబొమకి మరీ దగ్గరగా, కంటి గూటి ఎముక అంచుకి ఆనుకుని వేస్తే మందు లోపలికి జారి రెప్పను ఎత్తే కండరాన్ని తాకుతుంది. నీళ్లు ఎక్కువ కలిపినా పాకుతుంది. వేయించుకున్న గంటల్లో గట్టిగా రుద్దినా ప్రమాదమే అంటారు. బాగా వేసే చేతుల్లోనూ అప్పుడప్పుడు జరుగుతుంది, అది నిజం.

చుక్కల సంగతి. ఏప్రాక్లోనిడిన్ 0.5 శాతం చుక్కలు రెప్పలో ఉండే ముల్లర్ కండరం అనే చిన్నదాన్ని బిగిస్తాయి. రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది, కొన్ని గంటలుంటుంది. జబ్బు తగ్గదు, కన్ను తెరుచుకుంటుంది, అంతే. పెళ్లి పందిట్లో అది చాలు కదా. అదే పనిగా వాడితే కన్ను ఎర్రబడి దురద పెట్టొచ్చు. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. రాసివ్వకుండా కొని వేసుకోకు.

ఇంకో మాట. సాయంత్రానికి ఎక్కువవుతోందన్నావు. అలసిన కండరం కాబట్టి కావచ్చు. కానీ మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బులో కూడా ఇలాగే ఉంటుంది, ఆ జబ్బున్నవాళ్లకి ఈ ఇంజెక్షన్ పడదు. ఒకసారి చూపించుకో. ఒకటి రెండుగా కనపడినా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి అందకపోయినా ఫోన్లు మానేసి ఎమర్జెన్సీకి వెళ్లాలి. మందు దూరంగా పాకే ముప్పుందనే 2009లో ఎఫ్‌డీఏ వీటి లేబుళ్ల మీద పెట్టెకట్టి హెచ్చరిక వేయించింది.

ఫార్మా పిల్లోడు:
డాక్టర్‌గారూ, 2020లో అమెరికాలో వాలిన రెప్పలకి అనుమతి వచ్చిన ఆక్సీమెటాజోలిన్ చుక్కలు కూడా ఇదే బాపతు కదా? అదే మందు జలుబు చేసినప్పుడు ముక్కులో వేసుకునే చుక్కల్లోనూ ఉంది...

కళ్ళజోడు:
పూర్తిచేయకు తమ్ముడూ, ఎవరో ఒకరు నిజంగానే వేసుకుంటారు. ముక్కు చుక్కలు ముక్కుకే. గాఢత వేరు, అందులో కలిపే రసాయనాలు వేరు.

డాలస్ వదిన:
సరే, విరుగుడు లేదన్నారు, ఒప్పుకున్నాను. మరి రెండోవైపు వేసి సమానం చేస్తామన్నారే, దానికేమంటారు? ఆగమని నోటితో చెప్తూ ఇంకో సూదికి రమ్మనడం ఏం వైద్యం?

కళ్ళజోడు:
అది మాత్రం వద్దు. కనుబొమ కొస పైకి లేచి మొహం కోపంగా కనిపిస్తే నుదుటి పక్కన ఒకటి రెండు యూనిట్లు వేసి దించుతారు, అది మామూలే. వాలిన రెప్పకి జోడీగా బాగున్న కంటిని వాల్చడం ఎక్కడా వినలేదు. అయితే ఒక పద్ధతుంది. రెప్ప అంచున కన్ను మూసే కండరానికి చాలా కొద్దిగా వేస్తే పైకెత్తే కండరానికి బరువు తగ్గి రెప్ప కాస్త లేస్తుంది. కొందరు కంటి ప్లాస్టిక్ సర్జన్లు చేస్తారు. క్లినిక్‌లో వాళ్లు చెప్పింది అదేనా అని అడుగు. తడబడితే లేచి వచ్చెయ్.

మణికొండ మేనత్త:
ఫిల్లర్ విషయంలో మాత్రం వదిన చెప్పినట్టు వెంటనే కరిగించేయాలనడాన్ని నేను ఒప్పుకోను. నాకు పెదాలకి వేసిన మర్నాడే దొండపండులా వాచాయి. పెదాలకి మొదటి కొద్దిరోజులు వాపు సహజం. క్లినిక్ వాళ్లే కంగారుపడి ఎంజైమ్ పొడిచారు. వేసిన ఫిల్లర్ పోయింది, ఇచ్చిన డబ్బు పోయింది, చాలాకాలం పెదాల చర్మం వదులుగా ఉన్నట్టు అనిపించింది. మన ఒంట్లో ఉండే హైలురోనిక్ యాసిడ్‌ని కూడా ఆ ఎంజైమ్ కోస్తుందట కదా? కరిగించుకున్నాక మొహం పాడైందని ఎంతమంది రాస్తున్నారో చూడండి.

కళ్ళజోడు:
మన సొంతదాన్నీ కోస్తుంది, నిజమే. ఒళ్లు దాన్ని త్వరగానే మళ్లీ తయారుచేసుకుంటుంది. చర్మం పాడైందని చెప్పేవాళ్ల బాధని కొట్టిపారేయను. ఫిల్లర్ సాగదీసిన చోటు ఖాళీ అయితే వదులుగా కనిపించడం సహజం, అది ఎంజైమ్ తప్పో ఫిల్లర్ తప్పో డాక్టర్లలోనే వాదన నడుస్తోంది. హైలురోనిడేజ్ మన దగ్గర కొత్త మందేం కాదు, శుక్లం ఆపరేషన్‌కి కంటి పక్కన ఇచ్చే మత్తు సూదిలో కలుపుతాం. తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

కానీ ఫిల్లర్‌లో ఆగకూడని సందర్భం ఒకటుంది. జెల్ రక్తనాళంలోకి పోయినా, నాళాన్ని నొక్కినా చర్మం తెల్లగా పాలిపోతుంది, వలలాగా ఊదారంగు మచ్చలు పడతాయి, మామూలు కన్నా ఎక్కువ నొప్పి. గంటల్లో ఎంజైమ్ పెద్ద మోతాదులో పడకపోతే ఆ చోట చర్మం చచ్చిపోతుంది. చూపు తగ్గితే గంటలు కూడా ఉండవు. అప్పుడు "రేపు చూద్దాం" అన్నవాళ్ల మాట వినకూడదు. హైలురోనిక్ యాసిడ్ కాని ఫిల్లర్లకి, అంటే కాల్షియం హైడ్రాక్సిలాపటైట్ లాంటివాటికి, ఈ ఎంజైమ్ కరిగించే మందు కాదు. అందుకే ఏం వేస్తున్నారో పేరుతో సహా వేయించుకోకముందే అడగాలి.

డాలస్ వదిన:
మేనత్తగారిది మర్నాటి వాపు, నాది ఏడాది దాటిన చార. రెండూ ఒకటి కాదు. నా వాదన ఇదే: ఆగమన్నవాళ్లు ఎన్నాళ్లో చెప్పాలి, ఆలోగా తగ్గకపోతే ఏం చేస్తారో చెప్పాలి. నాకు అదేమీ చెప్పలేదు. ఆరునెలలే ఉంటుందన్న ఫిల్లర్ ఏళ్ల తర్వాత కూడా ఎమ్మారై స్కాన్లలో కనపడిందని నాకు తర్వాతే తెలిసింది.

ఫార్మా పిల్లోడు:
అవును వదినా. 2020 డిసెంబరులో మోడర్నా కోవిడ్ టీకా ట్రయల్స్‌లో కూడా ఇదివరకు ఫిల్లర్ వేయించుకున్న ముగ్గురికి టీకా తర్వాత మొహమో పెదాలో వాచిన సంగతి ఎఫ్‌డీఏ సమీక్షలో వచ్చింది. తర్వాత తగ్గిపోయింది లెండి.

బెజవాడ బాబాయ్:
నేను వకీలుని, మందుల జోలికి పోను. అమ్మాయ్, రెప్ప వాలినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు, తెలిసిన సైడ్ ఎఫెక్టే కదా అంటారు. నీకు ముందే చెప్పి సంతకం తీసుకున్నారా అన్నది అసలు ప్రశ్న. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చేసే చికిత్స ఏమిటో, ప్రమాదాలేమిటో తగినంత చెప్పి తీసుకున్నదే సమ్మతి అంది. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేల్చింది. ఫిర్యాదుకి రెండేళ్ల గడువుంది కాబట్టి తొందరలేదు. రికార్డులకి మాత్రం ఇప్పుడే అర్జీ పెట్టు. వైద్యుల నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీసిపెట్టుకో.

మణికొండ మేనత్త:
కేసులు తర్వాత. పెళ్లిలో అడిగేవాళ్లకి ఏం చెప్తుంది? కంటికురుపు లేచిందని చెప్తే సరిపోదూ?

డాలస్ వదిన:
కురుపుకి ఎరుపూ వాపూ ఉండాలిగా, మన పెద్దమ్మలు దగ్గరికొచ్చి రెప్ప ఎత్తి మరీ చూస్తారు! వాలిన రెప్ప చూస్తే ముందు పక్షవాతమనుకుంటారు, అమ్మానాన్నలు హడలిపోతారు. ఇంట్లోవాళ్లకి నిజం చెప్పేయమ్మా. బయటివాళ్లకి "కంటికి మందు వేస్తున్నారు" అంటే అబద్ధమూ కాదు. ఫొటోగ్రాఫర్‌కి మాత్రం కుడివైపు నుంచి తీయమని చెప్పు.

కూకట్‌పల్లి పిల్ల:
అందరికీ థాంక్స్. అమ్మకి చెప్పేశాను, తిట్టింది, తర్వాత నాతోపాటు కళ్ల ఆసుపత్రికి వచ్చింది. మయస్థీనియా లక్షణాలేమీ లేవన్నారు. చుక్కలు రాసిచ్చారు, వేసుకుంటే కన్ను బాగానే తెరుచుకుంటోంది. రెండోవైపు వేయించుకోనని క్లినిక్‌కి చెప్పేశాను. మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ రాసివ్వమంటే మొదట నసిగారు, తర్వాత ఇచ్చారు. రికార్డులు అడిగితే "మేనేజర్ రావాలి" అంటున్నారు. బాబాయ్‌గారూ, అర్జీ తెలుగులో రాస్తే చెల్లుతుందా?

బెజవాడ బాబాయ్:
చెల్లుతుంది. తేదీ వేసి రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద వాళ్ల స్టాంపు, సంతకం వేయించుకో. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపు. మందు పేరు, బ్యాచ్ నంబర్, ఎన్ని యూనిట్లు, ఎక్కడెక్కడ వేశారు, వేసినవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ విడివిడిగా అడుగు. ఉత్తినే "రికార్డులు" అని రాస్తే బిల్లు జిరాక్స్ చేతిలో పెడతారు.