మహిళా జవాను తల్లి అయితే: 180 రోజుల సెలవు సబబేనా?

గుణదల అమ్మ:
మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. మిలిటరీ పోలీసులో చేరాలని తెల్లవారుజామునే పరుగు సాధనకు వెళుతోంది. మహిళా అధికారులకున్న సెలవులనే మహిళా జవాన్లకూ వర్తింపజేస్తూ 2023 నవంబరులో రక్షణ శాఖ నిర్ణయించింది. పూర్తి జీతంతో 180 రోజుల ప్రసూతి సెలవు, ఇద్దరు బిడ్డల వరకు. పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో మరో 360 రోజులు. అయినా మా బంధువులు "పెళ్ళయ్యాక ఆ ఉద్యోగం సాగదు" అంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

మాజీ హవల్దారు, గుంటూరు:
సాగదమ్మా. కాపలాకు ఒక మనిషి తగ్గితే ఆ రాత్రులు మిగిలినవాళ్ళు పంచుకోవాలి. 180కి 360 కలపండి. ఏడాదిన్నర ఖాళీ!

అరండల్‌పేట లాయరు:
కూడిక తప్పు. 360 రోజులు సర్వీసు మొత్తానికి. కేంద్ర ప్రభుత్వ పౌర ఉద్యోగినులకు అదే సెలవు 730 రోజులు.

మాజీ హవల్దారు, గుంటూరు:
పౌర ఉద్యోగుల సంగతి నాకెందుకు?

అరండల్‌పేట లాయరు:
లెక్క తెచ్చింది మీరే. 360 అంటే 730లో సగం కూడా కాదు. ముందు అది ఒప్పుకోండి.

స్టేడియం కోచ్:
ఇప్పుడు చేరేది అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ళ సర్వీసుకే. ఆ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు. తర్వాత నాలుగో వంతు మందిని మించి కొనసాగించరు. ప్రసూతి సెలవు ప్రశ్న అప్పటిది.

పటమట ఉద్యోగిని:
హవల్దారు గారూ, ఈ వాదన పాతదే. 1988లో పెళ్ళి చేసుకున్నందుకు ఒక మిలిటరీ నర్సింగ్ అధికారిణిని ఇంటికి పంపారు. ఆమెకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 వచ్చింది. మహిళా అధికారులను పదవీ విరమణ దాకా కొనసాగించే శాశ్వత కమిషన్ కేసులోనూ ప్రభుత్వం గర్భం, మాతృత్వం అంటూ వాదించింది. 2020 ఫిబ్రవరి 17న కోర్టు దాన్ని తోసిపుచ్చింది. నేను ప్రసూతి సెలవు ముగించుకుని వెళ్ళేసరికి ఆఫీసులో నా పని మరొకరికి అప్పగించారు. బిడ్డను కనడం నేరమన్నట్టు చూశారు. మీ మాటల్లో నాకు ఆ మేనేజరే కనిపిస్తున్నాడు.

మాజీ హవల్దారు, గుంటూరు:
నన్ను ఎవరితో పోలుస్తున్నావమ్మా? మా పెద్దపిల్ల పుట్టినప్పుడు నేను సరిహద్దులో ఉన్నాను. సెలవు అడిగితే మనుషులు లేరన్నారు. ఉత్తరం అందేసరికి బిడ్డకు నెల దాటింది. నా భార్య ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పటికీ నాతో నాలుగు మాటలు మాట్లాడదు. అప్పుడు నా కోసం ఏ కోర్టు మాట్లాడింది?

బెంజి సర్కిల్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

పటమట ఉద్యోగిని:
మీకు జరిగింది అన్యాయమే, బాబాయి గారూ. కానీ మీకు సెలవు ఇవ్వనిది ఆ పైవాళ్ళు. మీరు కోపం చూపిస్తున్నది ఇంకా సైన్యంలో చేరని పిల్ల మీద. సెలవులో ఉన్న మనిషి స్థానంలో మరొకరిని పంపమని అడగండి, నేనూ మీతో అడుగుతాను.

మాజీ హవల్దారు, గుంటూరు:
మనిషిని పంపాలి, నిజమే. మగవాడికీ బిడ్డ పుట్టిన వేళ ఇంటికి వెళ్ళే వీలుండాలి. కానీ తండ్రి లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను. తల్లి కూడా లేని ఇల్లు వద్దంటున్నాను. ఈ మాట మార్చుకోను.

పటమట ఉద్యోగిని:
ఆ ఇంట్లో ఎవరు ఉండాలో మీరే తేల్చేస్తే ఆ పిల్లకు ఇక ఏం మిగిలింది? నా అభ్యంతరమంతా అక్కడే.

అరండల్‌పేట లాయరు:
360 సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

గుణదల అమ్మ:
కోచ్ గారూ, మీ మాటకు ఎవరూ బదులివ్వలేదు. నాకు అసలు భయం అదే. నాలుగేళ్ళు ఆగాక కొనసాగించకపోతే మా పిల్ల పరిస్థితి ఏమిటి? కొంచెం వివరంగా రాయండి.