కాగితంలో రెండు ఆరోపణలున్నాయి, జరిమానా కట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న:
మొన్న సిగ్నల్ దగ్గర నా కారు ఒక స్కూటర్‌కి తగిలింది. స్కూటర్ నడిపే ఆయన మోచేయి గీరుకుపోయింది. చేతికొచ్చిన కాగితంలో సిగ్నల్ దాటడం ఒకటి, నిర్లక్ష్యంగా నడిపి గాయపరచడం ఇంకొకటి రాశారు. పసుపు లైటు ఉండగానే దాటానని నాకు బాగా గుర్తు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇంట్లోవాళ్లు కట్టేసి వదిలించుకోమంటున్నారు.

జవాబు 1:
తొందరపడకండి. చాలాచోట్ల జరిమానా కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. పైగా రెండోది క్రిమినల్ ఆరోపణ కావచ్చు, దాని బరువు వేరు. నాకూ ఒకసారి ఇలాంటి కాగితమే వచ్చింది, దాని వెనకవైపు చిన్న అక్షరాల్లో కోర్టు హాజరు తేదీ ఉంది, నేను చూసుకోలేదు. వాయిదా తప్పింది, వారెంటు వచ్చింది. ఆ రోజు మా అమ్మ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. దయచేసి రెండువైపులా చదవండి. సెక్షన్, సమయం, చోటు, బండి నంబరు సరిచూసుకోండి.

జవాబు 2:
కెమెరా ఫుటేజీ ఎన్నాళ్లో ఉంచరు, ఇవాళే రాతపూర్వకంగా అడగండి. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 14వ అధికరణం ప్రకారం ఆరోపణ ఏమిటో మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. మీ మీద మీరే సాక్ష్యం చెప్పుకోమని బలవంతం చేయకూడదు. వకీలుతో మాట్లాడకుండా ఎక్కడా సంతకం పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
వెనక్కి తిప్పి చూశానండీ. తేదీ ఉంది, ఇంకా తొమ్మిది రోజులే. రేపు పొద్దున్నే వకీలు దగ్గరికి వెళ్తున్నాను.