పల్స్‌జెట్ అంత గట్టిగా ఎందుకు మోగుతుంది? విన్నవాళ్ళు, నడిపినవాళ్ళు చెప్పండి

గాలిమర

పోయిన వేసవిలో ఇంగ్లండ్‌లో పాత విమానాల ప్రదర్శన ఒకటి చూడ్డానికి వెళ్ళాం. అక్కడ ట్రాలీ మీద ఆర్గస్ పల్స్‌జెట్ నకలు ఒకటి బిగించి నడిపి చూపించారు. 1944లో జర్మన్లు లండన్ మీదకి వదిలిన వి-1 బాంబుకి వీపు మీద పొడుగాటి గొట్టం ఉంటుంది చూడండి, ఆ ఇంజన్. ముందే మైకులో హెచ్చరించారు, ఇయర్ ప్లగ్గులు పంచారు, తాడు కట్టి జనాన్ని దూరంగా నిలబెట్టారు. ఇన్ని చేసినా స్టార్టయ్యాక ఆ శబ్దం చెవుల్లోకి కాదు, నేరుగా ఛాతీలోకి వచ్చింది. మామూలు జెట్ విమానాల దగ్గర నిలబడ్డాను, వాటి హోరు వేరు. ఇవి దెబ్బలు, ఒకదాని వెంట ఒకటి, లెక్కపెట్టలేనంత వేగంగా.

అప్పట్నుంచి ఇదే ఆలోచన. లోపల అసలు ఏం జరుగుతోంది? సైలెన్సర్ పెట్టి తగ్గించలేరా? జనాన్ని భయపెట్టడానికే కావాలని అలా చేశారని చాలాచోట్ల చదివాను, అది నిజమేనా? దగ్గర్నుంచి విన్నవాళ్ళు, చిన్నదైనా సొంతంగా చేసి నడిపినవాళ్ళు ఉంటే చెప్పండి.

మెకానిక్_మూర్తి

మంచి ప్రశ్న వేశారు. విశాఖలో చాలా ఏళ్ళు థర్మోడైనమిక్స్ చెప్పాను, పిల్లలు ఎక్కువ ఆసక్తిగా విన్న క్లాసు ఈ ఇంజన్ గురించే.

ఇందులో కంప్రెసర్ లేదు, టర్బైన్ లేదు, తిరిగే భాగమే లేదు. దాదాపు మూడున్నర మీటర్ల ఉక్కు రేకు గొట్టం, ముందు భాగం లావు, వెనక భాగం సన్నం. ముందు ఒక జాలీ, దానికి పల్చటి స్ప్రింగ్ స్టీల్ రేకులు. బయటి గాలి లోపలికి వచ్చేటప్పుడు ఆ రేకులు తెరుచుకుంటాయి, లోపల ప్రెజర్ పెరిగితే టక్కున మూసుకుంటాయి. వాటి వెనక తొమ్మిది నాజిళ్ళ నుంచి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది, కారు ఇంజన్లోలా టైమింగ్ ఏమీ లేదు. గాలీ పెట్రోలూ కలిసి అంటుకోగానే ప్రెజర్ పెరుగుతుంది, రేకులు మూసుకుంటాయి, వేడి గాలికి వెనక వైపు తప్ప వేరే దారి ఉండదు. అసలు విషయం ఇక్కడే ఉంది. అలా వెళ్ళే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి, ప్రెజర్ సమానమైన చోట ఆగదు, ఇంకా ముందుకు పోతుంది. దాంతో లోపల ప్రెజర్ బయటి గాలి కంటే తగ్గిపోతుంది, రేకులు మళ్ళీ తెరుచుకుని కొత్త గాలి వస్తుంది, వెనక నుంచి కూడా కొంత వేడి గాలి తిరిగి వస్తుంది, లోపల మిగిలిన మంటతో కొత్త మిశ్రమం అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ స్టార్టింగ్‌కి మాత్రమే, ఆ తర్వాత దాంతో పని లేదు.

ఇది సెకనుకి దాదాపు 45 నుంచి 50 సార్లు జరుగుతుంది. మీ ఛాతీకి తగిలింది ఆ దెబ్బలే.

తిరునాళ్ళలో కొవ్వొత్తితో నడిచే రేకు పడవలు అమ్మేవారు గుర్తుందా, నీళ్ళ తొట్టిలో టపటపమని తిరిగేవి? వాటిలో మండేది పెట్రోలు కాదు, ఆవిరి పని చేస్తుంది, కానీ గొట్టంలోని నీరు ఊపుతో బయటికి పోయి మళ్ళీ లోపలికి రావడం, ఆ రాకపోకలే పడవని నడపడం, ఆ వరసంతా ఇలాంటిదే.

గాలిమర

మూర్తి గారూ, ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. మరి ఆ 45, 50 అనే సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది? పెట్రోలు ఎక్కువ పోస్తే పెరుగుతుందా?

మెకానిక్_మూర్తి

పెద్దగా పెరగదు. ఆ సంఖ్యని తేల్చేది గొట్టం పొడుగు. ఒక పక్క మూసి, ఇంకో పక్క తెరిచిన గొట్టంలో ప్రెజర్ వేవ్ ఎలా పోయి వస్తుందో ఇంటర్ ఫిజిక్సులో చదివాం కదా, వేవ్‌లెంగ్త్ గొట్టానికి నాలుగు రెట్లు. లోపలి గాలి బాగా వేడిగా ఉంటుంది కాబట్టి శబ్ద వేగం సెకనుకి 340 మీటర్లు కాదు, 650 దాకా అనుకోండి. 650ని నాలుగు రెట్ల 3.4తో భాగించండి, సుమారు 48 వస్తుంది. పేజీలకి పేజీలు లెక్కలు అక్కర్లేదు, కాగితం మీద ఒక్క లైను చాలు.

సైలెన్సర్ ఎందుకు పెట్టలేరో కూడా దీంట్లోనే ఉంది. మామూలు ఇంజన్లో శబ్దం పని అయిపోయాక బయటికి పోయే వృథా. ఇక్కడ ఆ ప్రెజర్ వేవ్ గొట్టం చివరికి వెళ్ళి, తెరిచిన చోట వెనక్కి తిరిగి రావడం వల్లే ఇంజన్ ఊపిరి తీసుకుంటుంది. చివర ఏదైనా అడ్డం పెడితే ఆ రాకపోకలు చెడిపోతాయి, ఇంజన్ ఆగిపోతుంది. శబ్దాన్ని ఇంజన్ నుంచి విడదీయలేం.

వెల్డింగ్_వాసు

మూర్తి గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, నేను చేసి చూశాను. మాది విజయవాడ ఆటోనగర్, షెడ్డులో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టంతో చిన్నది చేశాం. రేకు వాల్వులు ఉన్నది ఒకటి, వాల్వులు లేకుండా యూ ఆకారంలో వంచినది ఒకటి. గ్యాస్ సిలిండర్, ఆకులు ఊదే బ్లోయర్, పాత బండి స్పార్క్ ప్లగ్. బ్లోయర్‌తో గాలి కొడుతూ గ్యాస్ మెల్లగా తిప్పుతుంటే ముందు బుస్సుమంటుంది, తర్వాత పటపట, ఎక్కడో ఒక పాయింటు దగ్గర ఒక్కసారిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక బ్లోయర్ తీసేసినా, స్పార్క్ ఆపేసినా తనంతట తాను నడుస్తుంది. నిమిషం లోపే గొట్టం ఎర్రగా కాలిపోతుంది.

మా గొట్టం చిన్నది కాబట్టి శబ్దం కీచుగా ఉంది, సెకనుకి 200కి పైనే. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు పెట్టుకుంటే గానీ దగ్గర నిలబడలేం. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, బాయిలర్ పేలిందనుకున్నారట. ఆటోనగర్‌లో పొద్దస్తమానం సుత్తి మోతలు, గ్రైండర్ మోతలు వినేవాళ్ళు పరిగెత్తుకొచ్చారంటే మీరే అర్థం చేసుకోండి.

ఈఎన్‌టీ_రమణ

వాసు గారూ, మఫ్‌లు పెట్టుకున్నందుకు సంతోషం. చెవుల డాక్టరుగా ఒక మాట. 85 డెసిబెళ్ళ శబ్దాన్ని వినడానికి హద్దు రోజుకి ఎనిమిది గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగానికి తగ్గించాలి. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ దగ్గర కేవలం పావుగంట. పల్స్‌జెట్ పక్కన నిలబడితే అంతకన్నా చాలా ఎక్కువ. లోపలి చెవిలో సన్నటి రోమ కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు, మందు లేదు, ఆపరేషన్ లేదు. 'ఒక్కసారే కదా' అని చూడ్డానికి వచ్చిన కుర్రాళ్ళని ప్లగ్గుల్లేకుండా దగ్గరికి రానివ్వకండి. ఆ రాత్రి చెవిలో గుయ్‌మని మోగితే దెబ్బ తగిలినట్టే.

తూర్పు_లండన్_లక్ష్మి

నేను తూర్పు లండన్‌లో వృద్ధుల సంరక్షణలో పని చేస్తాను. మైల్ ఎండ్ దగ్గర గ్రోవ్ రోడ్డులో రైలు వంతెన ఉంది, దాని మీద నీలి రంగు ఫలకం, లండన్ మీద మొదటి ఎగిరే బాంబు ఇక్కడే పడిందని. 1944 జూన్ 13, ఆరుగురు చనిపోయారు. నేను రోజూ ఆ దారినే వెళ్తాను.

మేం చూసుకునే పెద్దావిడ ఒకరికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు చాలా విషయాలు మర్చిపోతారు కానీ ఆ శబ్దం మాత్రం నోటితో చేసి చూపిస్తారు. సైలెన్సర్ లేని మోటార్ సైకిల్‌లా ఉండేదని అప్పటివాళ్ళు చాలామంది చెప్పినట్టే ఈవిడా చెప్పారు. శబ్దం వస్తున్నంతసేపూ పర్వాలేదట, పైనుంచి వెళ్ళిపోతోందని అర్థం. ఆగిపోతేనే భయం. మోత ఆగితే అందరూ బల్లల కిందకి దూరేవారట, పడే దాకా ఎవరూ మాట్లాడేవారు కాదట. ఇంకొకళ్ళ మీద పడాలని ఆ క్షణంలో కోరుకున్నందుకు తర్వాత వాళ్ళమ్మ చర్చిలో ఏడ్చేదని చెప్పారు. అందుకే ఇంజన్ ఎంత గొప్పదో మాట్లాడుకునేటప్పుడు కింద ఉన్నవాళ్ళని కూడా గుర్తుపెట్టుకుందాం.

చరిత్ర_చందు

లక్ష్మి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను.

గాలిమర గారు అడిగిన మూడో ప్రశ్నకి నేను చెప్తాను. భయపెట్టడానికని ఆ శబ్దాన్ని ఎవరూ కావాలని పెట్టలేదు, మూర్తి గారు చెప్పినట్టు అది ఇంజన్‌తో పాటు వచ్చేదే. మ్యూనిక్‌లో పాల్ ష్మిట్ అనే ఇంజనీరు ఇలాంటి గొట్టాల మీద యుద్ధానికి ముందే ఏళ్ళ తరబడి పని చేశాడు, తర్వాత బెర్లిన్‌లో ఆర్గస్ కంపెనీలో ఫ్రిట్జ్ గొస్లావ్ బృందం దాన్ని చవగ్గా తయారయ్యేలా మార్చింది. వాళ్ళకి కావలసింది తక్కువ ఖర్చు. మామూలు ఉక్కు రేకు, నాసిరకం పెట్రోలు, ఒక్కసారి అరగంట నడిస్తే చాలు. ఫ్రాన్స్ తీరం నుంచి లండన్‌కి గంటకి 640 కిలోమీటర్ల వేగంతో ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణం, రేకు వాల్వులు అంతవరకు తట్టుకుంటే పని అయిపోయినట్టే.

మోత ఆగడం కూడా ప్లాన్ ప్రకారం కాదు. బాంబు ముక్కు దగ్గర చిన్న గాలి ఫ్యాన్ ఉండేది, అది తిరిగిన చుట్లని బట్టి ఎంత దూరం వచ్చిందో లెక్కయ్యేది. ఆ లెక్క పూర్తవగానే బాంబు కిందకి డైవ్ చేసేది. ఆ కుదుపుకి ట్యాంకులో పెట్రోలు ఇంజన్‌కి అందక ఆగిపోయేది. తర్వాత దాన్ని సరిచేశారు, ఇంజన్ నడుస్తూనే పడేవి కూడా వచ్చాయి. అంటే ఆగిందా లేదా అని చెవులు రిక్కించి వినడం కూడా అన్నిసార్లూ పనికిరాలేదు.

బాంబు ముందు భాగంలో 850 కిలోల పేలుడు పదార్థం. ఇంగ్లండ్‌లో వి-1ల వల్ల చనిపోయినవాళ్ళు 6 వేలకి పైగా. బెల్జియంలోని రేవు పట్నం ఆంట్వెర్ప్ మీద కూడా వేలల్లో వేశారు, దాని గురించి తక్కువ మాట్లాడతారు. వీటిలో చాలావాటిని జర్మనీలో నార్డ్‌హౌజెన్ దగ్గర కొండ కింద సొరంగాల్లో డోరా అనే నాజీ నిర్బంధ శిబిరం ఖైదీల చేత చేయించారు, ఆ శిబిరానికి వచ్చిన దాదాపు 60 వేల మందిలో మూడోవంతు బతకలేదు. లండన్‌లో విన్నవాళ్ళ బాధ ఒకటి, దాన్ని తయారుచేసినవాళ్ళ బాధ ఇంకొకటి.

బాపట్ల_కిరణ్

నాకో డౌటు. పల్స్‌జెట్ నిలబడిన చోట నడవదు, గంటకి 240 కిలోమీటర్ల వేగం ఉంటేనే నడుస్తుంది, అందుకే ర్యాంపు మీద నుంచి విసిరారు అని యూట్యూబ్‌లో చూశాను.

మెకానిక్_మూర్తి

కిరణ్, అది చాలామంది నమ్మే పొరపాటు. గాలిమర గారు చూసింది ట్రాలీ మీద కదలకుండా నడిచిన ఇంజనే కదా. ర్యాంపు మీద కూడా ముందు అసిటిలీన్, కంప్రెస్డ్ ఎయిర్ పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, ఆ తర్వాతే బాంబుని వదిలేవారు. కాకపోతే నిలబడినప్పుడు థ్రస్ట్, అంటే ముందుకి తోసే బలం, తక్కువ, చిన్న రెక్కలు, రెండు టన్నులకి పైగా బరువు. అది గాల్లో నిలవాలంటే ముందే వేగం కావాలి. ఆ వేగాన్ని ఇచ్చింది హైడ్రోజన్ పెరాక్సైడ్, పర్మాంగనేట్ కలిపి పుట్టించిన ఆవిరితో పిస్టన్ని తోసే కాటాపుల్ట్.

అలాగని ఇది మంచి ఇంజన్ అనుకోవద్దు. గాలిని ముందు నొక్కకుండా కాలుస్తుంది కాబట్టి పెట్రోలు విపరీతంగా తాగుతుంది, ఆ చిన్న ప్రయాణానికే 600 లీటర్లకి పైగా నింపేవారు.

చరిత్ర_చందు

ఆ శబ్దం వల్ల ఒక మేలు కూడా జరిగింది, వచ్చేది ముందే తెలిసేది. కానీ కాపాడింది ముఖ్యంగా తీరంలోని ఫిరంగులు. 1944 జులై మధ్యలో ఫిరంగుల్ని లండన్‌కి దక్షిణాన ఉన్న కొండల నుంచి సముద్ర తీరానికి మార్చారు. రాడార్‌తో గురి, లక్ష్యం దగ్గరికి రాగానే తనంతట పేలే గుండు, ఈ రెండూ కలిశాక కూలినవి బాగా పెరిగాయి. టెంపెస్ట్ అనే బ్రిటిష్ యుద్ధ విమానాల పైలట్లు కొందరు తమ రెక్కని వి-1 రెక్క కిందకి తెచ్చి, ఆ గాలి ఒత్తిడితో దాన్ని తిప్పేసేవారు, లోపల బాంబుని నిలకడగా ఉంచే జైరో తట్టుకోలేక బాంబు పడిపోయేది. ఆ మోత పక్కనే, పేలితే తామూ పోతామని తెలిసి అలా ఎగిరారు. ఇది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

తూర్పు_లండన్_లక్ష్మి

లండన్‌లో ఉన్నవాళ్ళు లాంబెత్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో నిజమైన వి-1ని చూడొచ్చు, టికెట్ లేదు. కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో అదే మ్యూజియం వాళ్ళ విమానాల ప్రదర్శనశాలలో ర్యాంపుతో సహా ఉంది. ఇంజన్ ముందు జాలీని దగ్గర్నుంచి చూడండి, మూర్తి గారు చెప్పింది బాగా అర్థమవుతుంది.

గాలిమర

ఈసారి మా అబ్బాయిని తీసుకుని డక్స్‌ఫర్డ్ వెళ్తాను. వాసు గారూ, మీ రేకు వాల్వులు ఎంతసేపు ఆగాయి?

వెల్డింగ్_వాసు

కొద్ది నిమిషాలే అండీ. అంచులు చీలికలు పేలికలైపోయాయి, ఒక రేకు విరిగి లోపలికి పోయింది. వాల్వులు లేని గొట్టం మాత్రం ఇప్పటికీ బాగుంది, అందులో అరిగే భాగమే లేదు. మూర్తి గారూ, రేకు మందం ఎంత పెట్టమంటారు? నేను దొరికిన ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకు) స్టీలు కోసి పెట్టాను.

మెకానిక్_మూర్తి

మీ సైజుకి 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల స్ప్రింగ్ స్టీలు చాలు. మందం కన్నా ముఖ్యం, రేకు వెనక వంపు తిరిగిన ఆపుడు ప్లేటు. రేకు తెరుచుకున్నప్పుడు ఒకే చోట మడత పడకుండా ఆ వంపు మీద పరుచుకోవాలి, లేకపోతే మొదట్లోనే విరుగుతుంది. కోసిన అంచుల్ని సన్నటి ఎమరీతో నున్నగా రుద్దండి, చీలిక ఎప్పుడూ గరుకు అంచు దగ్గరే మొదలవుతుంది. నడిపేటప్పుడు గొట్టం వెనకా, ముందు వాల్వుకి ఎదురుగా ఎవరినీ నిలబెట్టకండి. సిలిండర్ దూరంగా, గ్యాస్ ఆపే వాల్వు మాత్రం మీ చేతికి అందేలా పెట్టుకోండి.