ఈసినోఫిల్స్ 7 శాతమే, ముక్కు మాత్రం ఊపిరాడనివ్వట్లేదు

అడిగినవారు:
నమస్కారమండీ. రెండు నెలలుగా దాదాపు రోజూ పొద్దున లేస్తూనే పది పదిహేను తుమ్ములు, రాత్రయితే ముక్కు దిబ్బడ, నిద్ర లేదు. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ (అలర్జీ ఉంటే పెరుగుతాయనే ఒక రకం తెల్లకణాలు) 7 శాతం, మొత్తం తెల్లకణాలు 6,000. మా తమ్ముడికి 14 శాతం, తెల్లకణాలు 7,500. వాడు రోజుకి రెండు తుమ్ములు తుమ్మి హాయిగా తిరుగుతున్నాడు. అయితే నాది అలర్జీ కాదా? నెలాగి మళ్లీ పరీక్ష చేయించనా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్):
శాతం పక్కన పెట్టి లెక్క వేయండి. 6,000లో 7 శాతం 420. 500 దాకా మామూలే. తమ్ముడిది 1,050, నిజంగానే ఎక్కువ. నులిపురుగులున్నా, ఏదైనా మందు పడకపోయినా, ఉబ్బసమున్నా అలా పెరుగుతాయి, అతన్ని ఓసారి డాక్టరుకి చూపించండి.

ఇక మీ సంగతి. రక్తంలో కనిపించేవి దారిన పోయే కణాలు, అసలు గొడవంతా ముక్కు పొరలో. పడనిది తగలగానే ఆ పొరలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనం వదులుతాయి, నిమిషాల్లో తుమ్ములు, దురద, నీళ్లు. ఈసినోఫిల్స్ కొన్ని గంటలాగి అక్కడికి చేరతాయి, దిబ్బడ ముదిరేది అప్పుడు. కాబట్టి రక్తంలో తక్కువున్నా ముక్కులో మూగి ఉండొచ్చు. పైగా ఆ సంఖ్య పొద్దున ఒకలా రాత్రి ఒకలా ఉంటుంది, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే అమాంతం పడిపోతుంది. నెలనెలా సూది పొడిపించుకోవడం దండగ. ల్యాబ్‌లో కూర్చుని నేనే చెబుతున్నా!

అడిగినవారు:
మరి తీవ్రత ఎలా తెలుస్తుంది? ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) రక్తపరీక్ష చేయిస్తే?

జవాబు (చెవి, ముక్కు, గొంతు డాక్టరు):
మొత్తం ఐజీఈ మామూలుగా వచ్చినా అలర్జీ లేదనలేం. ఏది పడట్లేదో తేల్చాలంటే చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష మేలు. తీవ్రత మాత్రం మిమ్మల్ని అడిగే తేలుస్తాం: నిద్ర పాడవుతోందా, పని సాగుతోందా అని. వారానికి 4 రోజులకి తగ్గకుండా, 4 వారాలు దాటి ఉంటే దీర్ఘకాలికం. మీది అదే, నిద్ర కూడా పోయింది కాబట్టి తేలికపాటిది కాదు. ఇంతకీ ముక్కులో చుక్కలేమైనా వేస్తున్నారా?

అడిగినవారు:
దిబ్బడ తీసే చుక్కలండీ. నెల రోజులుగా, రోజూ పడుకునే ముందు.

జవాబు (డాక్టరు):
ఏ రిపోర్టులోనూ రానిది ఇదేనండీ. అవి అయిదు రోజులు దాటితే దిబ్బడ వాటివల్లే తిరగబెడుతుంది. మానేయండి, మొదట్లో కొన్ని రాత్రులు కష్టంగానే ఉంటుంది. స్టెరాయిడ్ స్ప్రే గురించి మీ డాక్టరుని అడగండి. రెండు రోజులు కొట్టి పనిచేయలేదనొద్దు, రెండు వారాలు రోజూ వాడాలి. మొన ముక్కు మధ్య గోడకి కాకుండా బయటివైపుకి తిప్పి కొట్టండి.