మా టెర్రియర్ నా దగ్గరికి ఎవర్నీ రానివ్వట్లేదు, ఏం చేయాలి?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మా కుక్క పేరు చిట్టి, 3 ఏళ్ల జాక్ రసెల్ టెర్రియర్. నేనంటే ప్రాణం, అదే ఇప్పుడు సమస్యైంది. సోఫాలో మా ఆయన నా పక్కన కూర్చుంటే మధ్యలో దూరి, ఒళ్లంతా బిగబట్టి, పెదవి పైకెత్తి గుర్రుమంటుంది. మొన్న మా ఆరేళ్ల పాప నా ఒళ్లోకి ఎక్కబోతే చెయ్యి పక్కనే గాల్లో పళ్లు టక్కుమనిపించింది. తగల్లేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ఇద్దర్నీ ఒంటరిగా వదలట్లేదు.

బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు గీరుతూ ఏడుస్తుంది, అడుగున చెక్క పెచ్చులు లేచిపోయాయి.

పొద్దున్నే బీచ్ రోడ్డులో 40 నిమిషాలు నడిపిస్తున్నాను. నక్కల వేటకి పెంచిన జాతి, దానికి ఇది చాలదేమో. ఎండెక్కాక ఈ ఉక్కలో తీసుకెళ్లలేం.

గుర్రుమన్నందుకు తిడితే ఆ హెచ్చరిక కూడా మానేసి నేరుగా కరవచ్చట. అందుకే తిట్టకుండా నేనే లేచి వెళ్లిపోతున్నా. అన్నం మా ఆయన చేత పెట్టిస్తున్నా. రెండు వారాల్లో ఆయన దగ్గర కాస్త మెత్తబడింది, పాప దగ్గర మాత్రం లేదు.

ఇలాంటి కుక్కని దారికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా? పిల్లలకి ఎలా అలవాటు చేశారు? ఇక్కడ కొట్టకుండా నేర్పే ట్రైనర్ తెలిస్తే చెప్పండి. ఎవరికైనా ఇచ్చేయమని మాత్రం అనకండి, ప్లీజ్.