వెల్లింగ్టన్ ఉత్తరంలోని "స్కమ్ ఆఫ్ ది ఎర్త్"ను తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారం. ఒక అనువాదం దగ్గర ఆగిపోయాను.

1813 జూన్ 21న స్పెయిన్‌లోని విటోరియా దగ్గర బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సేన, నెపోలియన్ అన్న జోసెఫ్ సైన్యాన్ని ఓడించింది. జోసెఫ్ వదిలేసి పారిపోయిన బళ్లలో బోలెడు డబ్బు, విలువైన సామాను. గెలిచిన సిపాయిలు శత్రువును తరమడం మానేసి వాటి మీద పడ్డారు. సిపాయిల చేతికి చిక్కింది సుమారు 10 లక్షల పౌండ్లు, సైన్యం ఖజానాకు దక్కింది లక్ష డాలర్లు అని యుద్ధ మంత్రి బాథర్స్ట్‌కు జూన్ 29న రాశాడు వెల్లింగ్టన్. ఆ మంట చల్లారక ముందే, జూలై 2న, ఆయనకే ఇంకో ఉత్తరం. మన సైన్యంలో మామూలు సిపాయిలుగా ఉన్నది "స్కమ్ ఆఫ్ ది ఎర్త్" అన్నాడు అందులో.

నేను "అలగాజనం" అని రాసుకున్నాను. సరేనా?

జవాబు: వద్దండీ. ఆ మాటకు మన దగ్గర కులం వాసన ఉంది. ఆయన తిట్టు కూడా తక్కువదేం కాదు గానీ, అది వేరే దేశపు వాసన. స్కమ్ అంటే అసలు అర్థం తెట్టు. చెరకురసం కాగేటప్పుడు పైకి తేలితే తీసి పారబోసేది.

ఇంకొకరు: "భూమ్మీది తెట్టు" అంటే ఎవరికి తిట్టులా వినిపిస్తుంది? మనకు పైకి తేలేది మీగడ కూడా! అడుగున మిగిలే మడ్డి అంటేనే కాస్త నయం. బైబిల్లో మొదటి కొరింథీయులు 4:13 చూడండి, "లోకమునకు మురికిగాను అందరికి పెంటగాను". కొన్ని కొత్త ఇంగ్లీషు బైబిళ్లలో అక్కడ ఉన్నది ఈ స్కమ్మే.

మళ్లీ నేను: పెంట బాగా తగులుతుంది, నిజమే. కానీ నాకు ఇంకో చిక్కుంది. 1831లో, తన మాటలను రాసిపెట్టుకునే స్టాన్‌హోప్ అనే ఆయనతో మాట్లాడుతూ వెల్లింగ్టన్ ఇదే మాట మళ్లీ వాడాడు. ఫ్రెంచి వాళ్లది నిర్బంధ సైనిక సేవ కాబట్టి అన్ని రకాల ఇళ్ల నుంచీ వస్తారు, మనకు చేరేది ఈ స్కమ్, చాలామంది తాగుడు కోసం చేరినవాళ్లే అని. ఆ వెంటనే, అలాంటి వాళ్లను ఇంత మంచి సిపాయిలుగా తయారు చేశామంటే ఆశ్చర్యమే అని మురిసిపోయాడు. (ఆ రెండో సగం వదిలేసి మొదటి సగమే చెబుతుంటారు చాలామంది.) 1813 కోపానికీ 1831 మురిపానికీ ఒకే మాట సరిపోవాలి. పెంట నుంచి సిపాయిని ఎలా తయారు చేయిస్తాం?

జవాబు: అయితే "తుక్కు" అనండి. తిట్టూ అవుతుంది. తుక్కు ఇనుమును కరిగిస్తే మళ్లీ పనికొస్తుంది కూడా.

ఇంకొకరు: బావుంది గానీ, కరిగించడం మీ కల్పన. ఆయన నోట ఇనుము మాట లేదు. పైగా కోపం పాలు తగ్గింది.

మళ్లీ నేను: ఒప్పుకుంటాను. కోపాన్ని క్రియలో పెట్టి చూస్తాను: "లోకంలోని తుక్కంతా ఏరుకొచ్చి మన సైన్యంలో పోశారు." ఏరడం, పోయడం ఆయన అనలేదు, నేనే చేర్చాను. అభ్యంతరం ఉంటే చెప్పండి, పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్లలేదు.