టార్క్‌కీ పనికీ ఒకే మితి ఫార్ములా ఉంటే జతపరచడం ఎలా?

లోలకం:
భౌతిక రాశుల్ని మితి ఫార్ములాలతో (అదే, ద్రవ్యరాశి ఎం, పొడవు ఎల్, కాలం టి ల ఘాతాలుగా రాసేవి) జతపరచమంటే నాకు ఎప్పుడూ ఒకటో రెండో తేడా కొడుతున్నాయి. పట్టికంతా బట్టీ పట్టాను, బలం, పీడనం వరకు ఫర్వాలేదు కానీ స్నిగ్ధతా గుణకం, తలతన్యత, ప్లాంక్ స్థిరాంకం దగ్గరికొచ్చేసరికి ఘాతాలన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. ఇంకో డౌటు: టార్క్‌కీ పనికీ కూడా ఎం ఎల్² టి⁻² అనే ఉంది, రెండూ వేరే రాశులైనప్పుడు అదెలా?

చరరాశి:
ముందు ఆ పట్టిక పక్కన పడేయండి. ఒక్కో రాశికి ఒక్క సమీకరణం గుర్తుంటే చాలు, మిగతాది కూడికలూ తీసివేతలే. స్నిగ్ధత చూడండి: బలం = గుణకం × వైశాల్యం × వేగ ప్రవణత. వేగాన్ని దూరంతో భాగిస్తే ప్రవణత, అంటే టి⁻¹; వైశాల్యం ఎల్²; బలం ఎం ఎల్ టి⁻² ని ఈ రెండింటితో భాగిస్తే ఎం ఎల్⁻¹ టి⁻¹ వచ్చేసింది. ప్లాంక్ స్థిరాంకానికి శక్తిని పౌనఃపున్యంతో భాగించండి, ఎం ఎల్² టి⁻¹, కోణీయ ద్రవ్యవేగానికీ ఇదే. తలతన్యత అంటే ప్రమాణ పొడవుపై బలం కదా, ఎల్ పోయి ఎం టి⁻² మిగులుతుంది. స్ప్రింగ్ బల స్థిరాంకమూ అంతే.

శూన్యఘాతం:
టార్క్ సంగతి నేను చెప్తాను. రెండూ బలం ఇంటూ దూరమే, కాకపోతే పనిలో బలం దిశలో జరిగిన దూరం తీసుకుంటాం, టార్క్‌లో బలానికి లంబంగా ఉన్న దూరం. ఒకటి అదిశ, ఇంకోటి సదిశ. ఆ దిశల గొడవ మితి ఫార్ములాకి పట్టదు. టార్క్‌ని కోణంతో గుణిస్తే పని వస్తుంది, కోణానికి మితులు లేవు కాబట్టి ఫార్ములా మారదు. అందుకే రాశి నుంచి ఫార్ములాకి వెళ్లగలం గానీ ఫార్ములా చూసి రాశి ఇదే అని చెప్పలేం: టి⁻¹ ఇస్తే అది పౌనఃపున్యమా, కోణీయ వేగమా, వేగ ప్రవణతా?

పరీక్షలో అయితే ముందు ఎం ఘాతం చూడండి. ఎం⁻¹ ఎల్³ టి⁻² కనిపిస్తే గురుత్వ స్థిరాంకానికి కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు. ఎం అసలు లేకుండా ఎల్² టి⁻² ఉంటే గుప్తోష్ణమో గురుత్వ పొటెన్షియలో అయ్యుంటుంది. సగం జతలు అక్కడే తేలిపోతాయి.

లోలకం:
థాంక్స్ అండీ, స్నిగ్ధత ఇప్పుడు నేనే రాబట్టాను, వచ్చింది. మరి నిరోధం, కెపాసిటెన్స్‌ల లబ్ధం ఇస్తే? విడివిడిగా రెండూ పెద్ద ఫార్ములాలు, టెన్షన్ వస్తోంది.

చరరాశి:
విడివిడిగా వద్దు, ప్రమాణాలతో పోండి. ఓమ్ అంటే వోల్ట్ బై ఆంపియర్, ఫారడ్ అంటే కూలూమ్ బై వోల్ట్. గుణిస్తే వోల్ట్ కొట్టేసి కూలూమ్ బై ఆంపియర్, అంటే సెకను. జవాబు టి. ఇండక్టెన్స్‌ని నిరోధంతో భాగించినా టి యే వస్తుంది, అది మీరు చేసి చూడండి.